ఉప్పుగూడలో ఏడు గుంతలు

ఉప్పుగూడ,
24 ఏప్రిల్ 1978.

గార్డెన్ కంట్రాక్టరు ఎల్లప్ప గారికి,

వీరరాఘవరావు వ్రాయునది. మేము క్షేమం. మీరు క్షేమమో కాదో తెలుసుకునే అవకాశం మీరు మాకు ఇవ్వలేదు. ఈ నెల పదో తేదీన ఇద్దరు మనుషులతో మా ఇంటికి వచ్చారు. మూడు రోజులు పనిచేశారు. పన్నెండో తేదీ సాయంత్రం "రేపొస్త సాబ్" అని సెలవు తీసుకున్నారు. ఇవాళ ఇరవై నాలుగు. మీ పురానాపూల్లో రేపు అనేది ఎన్ని రోజులకు ఒకసారి వస్తుందో తెలియజేయ ప్రార్థన.

ప్రస్తుతం మా ఇంటి ముందు ఉన్నవి: గుంతలు ఏడు. ఎర్రమట్టి కుప్ప ఒకటి, అదీ సరిగ్గా గేటుకు అడ్డంగా. మీరు మరచిపోయిన గడ్డపార ఒకటి. నేను మీకు స్వహస్తాలతో ఏడు పేజీల ప్లాను రాసి ఇచ్చాను. మధ్యలో పచ్చిక లాను, చుట్టూ క్రోటన్లు, ఒక మూల ఫౌంటెను, ఆ పక్కన నాలుగు కుర్చీలు వేసుకునే జాగా, అన్నీ అందులో ఉన్నాయి. ఆ ఏడు పేజీలలో ఎక్కడా గుంతలు తవ్వి పారిపోవలెను అని నేను రాయలేదు.

ఈ పని ఆషామాషీది కాదని మొదటి రోజే చెప్పాను. జులై నెలాఖరుకు నా ఉద్యోగ విరమణ. ఇంకో రెండేళ్లు పొడిగింపు ఇవ్వాలా వద్దా అన్నది మా డైరెక్టరు గారి చేతిలో ఉంది. జూన్ పదకొండు ఆదివారం సాయంత్రం వారు సతీసమేతంగా మా ఇంటికి టీకి వస్తున్నారు. వారికి లాను అంటే ప్రాణం. మా ఇంట్లో లాను ఉందని నేను ఫిబ్రవరిలోనే చెప్పి ఉన్నాను. కనుక లేకపోవడం కుదరదు.

వారం రోజుల్లో పని మొదలుపెట్టండి. లేని పక్షంలో నష్టపరిహారం అడగవలసి వస్తుంది.

ఇట్లు,
వీరరాఘవరావు, సూపరింటెండెంటు.

తా.క. మీ గడ్డపారను జప్తు చేశాను. దానికి రసీదు కావాలంటే అర్జీ పెట్టుకోండి.


పురానాపూల్,
29 ఏప్రిల్.

రావు సాబ్‌కు ఎల్లప్ప సలాం. అమ్మగారికి దండాలు.

మీ ఉత్తరం అందింది. మా బామ్మర్ది బాబురావు సదివి వినిపించిండు. నాకు తెలుగు సదువ రాదు, ఉర్దూల సంతకం మాత్రం వస్తది. ఇది గూడ నేను చెప్తుంటే గాయనే రాస్తుండు.

సాబ్, మీరు ఊకె పరేషాన్ అయితున్నరు. గుంత తవ్వంగనే చెట్టు పెడితే అది బతుకుతదా? గుంత ఎండ తినాలె. ఎండకాలమంత నోరు తెరుసుకొని ఎండ తింటే లోపలున్న పురుగు సస్తది, మట్టి మెత్తగైతది. మిరుగం కార్తెకు నాలుగు సినుకులు పడంగనే పెడితే చెట్టు ఎట్ల లేస్తదో మీరే చూస్తరు. మా బాపు గిట్లనే చేసిండు, వాళ్ల బాపు గూడ గిట్లనే చేసిండు. గుంతలు వాటి పని అవి చేస్తున్నయి. మీరు ఫికర్ చెయ్యకుర్రి.

ఎర్రమట్టి గేటు కాడ పోసింది మీ కోసమే. దొంగలు రారు.

మీ,
ఎల్లప్ప (వేలిముద్ర కాదు, సంతకమే. ఉర్దూల ఉన్నది.)

తా.క. నేను బాబురావును, బస్ కండక్టర్ని. బావ చెప్పిన మాటలల్ల మూడు నేను రాయలే. ఆ మూడు మీకు కావాలంటే వేరే కార్డు మీద రాసి పంపుత, కార్డు పైసలు మీవి.


ఉప్పుగూడ,
6 మే.

శ్రీ ఎల్లప్ప గారికి,

మీ జవాబు చేరింది. గుంత ఎండ తింటుందన్న కొత్త సంగతి తెలుసుకుని ధన్యుణ్ణయ్యాను. నేను కృష్ణా డెల్టాలో పుట్టాను. మా వైపు మట్టిలో చేతికర్ర గుచ్చి మరచిపోతే వారానికి చిగురు వేస్తుంది. అక్కడ ఏ గుంతా నోరు తెరుచుకుని ఎండ తినగా నేను చూడలేదు. అయినా మీ మాటే నిజం అనుకుందాం. చెట్టు గుంతకు ఎండ కావాలి. లానుకు గుంతే లేదు కదా, అది ఎందుకు ఆగింది? దానికి ఏం పెడుతున్నారు, వెన్నెలా?

ఈ లోపల మీ గుంతలు మరికొన్ని పనులు కూడా చేస్తున్నాయి. సోమవారం పోస్ట్‌మాన్ మూడో గుంతలో పడ్డాడు. లేచి, మీ ఉత్తరం నా చేతికిచ్చి, ఈ ఇంటికి ఇక రిజిస్టరు ఉత్తరాలు తప్ప మామూలువి తేనని ప్రతిజ్ఞ చేసి వెళ్లాడు. బుధవారం ఎదురింటి వెంకటనారాయణ గారు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు. వరసగా ఏడు గుంతలను చూసి, కళ్లు తుడుచుకుని, "ఎంతమంది పోయారండీ?" అని పరామర్శించారు. బతికే ఉన్నామని నమ్మించడానికి కాఫీ ఇవ్వవలసి వచ్చింది. కాఫీ తాగుతూ కూడా ఆయన మమ్మల్ని లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు.

మా డైరెక్టరు గారు నిన్న నన్ను పిలిచి, మీ లానులో ఏ రకం గడ్డి అని అడిగారు. మెత్తటి రకం అని చెప్పాను. ఇంతకంటే ఒక ప్రభుత్వోద్యోగి ఏం చెప్పగలడు?

ఇంకో వారం గడువు ఇస్తున్నాను. ఆ తరువాత ఈ యథాతథ స్థితి కొనసాగితే ఒక్కొక్క గుంతకూ ఒక్కొక్క రోజుకూ నష్టపరిహారం కట్టవలసి ఉంటుంది.

ఇట్లు,
వీరరాఘవరావు.

తా.క. పోస్ట్‌మాన్ తన చెప్పు ఒకటి మూడో గుంతలో వదిలి వెళ్లాడు. అది కూడా ప్రస్తుతం ఎండ తింటోంది.


పురానాపూల్,
13 మే.

రావు సాబ్‌కు సలాం. అమ్మగారికి దండాలు.

లాను ఎందుకు ఆగిందని అడిగిన్రు. గడ్డి ఉన్నది సాబ్, మూసీ ఒడ్డుకు ఒక తోటల ఉన్నది, మస్తు గడ్డి. కాపలా ఉన్నది మా అంజన్ననే. గాయన పోయిన శుక్రవారం గడ్డిల పామును చూసిండు. గింత లావు ఉన్నదంట. గడ్డంటే కొడవలితోని కోసేది కాదు, మట్టితోని సహా చాపలెక్క లేపాలె, చేతులు కిందికి పెట్టాలె. పాము పొయ్యేదాంక ఎవ్వడు చెయ్యి పెట్టడు. బలవంతంగ తెచ్చినమనుకోర్రి, గడ్డితోని పాము గూడ మీ ఇంటికొస్తది. మీ డైరెక్టర్ సాబ్ కుర్చీల కూసుంటడు, పాము కుర్చీ కింద కూసుంటది. గప్పుడు మీకు పొడిగింపు దొరుకుతదా?

సాబ్, ఒక్క ముచ్చట అడుగుత, కోపం చెయ్యకుర్రి. మీ ఇంట్ల నల్లా దినం తప్పిచ్చి దినమొస్తది. గది గూడ తెల్లారక ముందల ఒక గంట. మీరేమో ఫౌంటెన్ రాసిన్రు. గా ఫౌంటెన్ల ఏమొస్తది, గాలా? ఇగ లాను సంగతి. మే నెలల లాను అంటే పొద్దుగాల తాగాలె, మాపటికి తాగాలె. గన్ని నీళ్లు ఎవరు పోస్తరు సాబ్? గీ ఒక్క మాటకు జవాబు రాయుర్రి.

ఎదురింటి సారు పరామర్శకు వచ్చిండంటే మంచి మనిషి. గిసొంటోళ్లు ఇయ్యాల రేపు తక్కువ.

మీ,
ఎల్లప్ప.

తా.క. బాబురావును. మీ ఉత్తరం సదివి వినిపిస్తే బావ "సమజైంది" అన్నడు. నాకైతే కాలే. "యథాతథ స్థితి" అంటే ఏందో రాయుర్రి. మా డిపోల మేనేజర్ తోని లొల్లి అయినప్పుడు వాడుకుంట.


ఉప్పుగూడ,
24 మే.

ఎల్లప్పకు,

'గారు' తీసివేశాను, గమనించగలరు.

నీళ్ల సంగతి మీకు అనవసరం. ప్లాను ఆరో పేజీలో నీటి ఏర్పాటు సవివరంగా ఉంది. ఎవరు పోస్తారు, ఎప్పుడు పోస్తారు, ఎన్ని బిందెలు పోస్తారు, అన్నీ రాశాను. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నేను తయారుచేసిన ఏ ప్రణాళికలోనూ బాధ్యత ఎవరిదో తేల్చకుండా వదిలిపెట్టలేదు. చదువురాని వాళ్లకు ప్లాను రాసి ఇవ్వడం నా పొరపాటు.

ఇక పాము. పాము వెళ్లిపోయినట్టు మీకు ఎవరు తెలియజేస్తారు? పామే వచ్చి చెబుతుందా? ఈ అనుమానం తీర్చుకుందామని నిన్న ఆఫీసుకు సెలవు పెట్టి నేనే స్వయంగా పురానాపూల్ వచ్చాను. మీ ఇంటి అరుగు మీద ఒక వృద్ధురాలు కూర్చుని చింతపండు ఒలుస్తోంది. ఎల్లప్ప ఎక్కడ అని అడిగాను. "వాళ్లత్త సచ్చిపోయింది బిడ్డా, మట్టికి పోయిండు" అంది. అయ్యో పాపం అని, ఎప్పుడు పోయిందమ్మా అని అడిగాను. పొద్దున్నే అంది. కాసేపటికి లోపలి నుంచి మీ ఆవిడ లీలమ్మ మంచినీళ్లు తెచ్చింది. ఆ వృద్ధురాలిని చూసి "అమ్మా, సారుకు పీట వెయ్యరాదే" అంది. అంటే, మీ అత్తగారు పోయారని నాతో చెప్పినది సాక్షాత్తు మీ అత్తగారు!

పైగా మీ పెరట్లో ఏం చూశానో తెలుసా? తడి గోనెసంచుల కింద చుట్టలు చుట్టిన పచ్చిక. మెత్తటిది, ఎవరో అప్పుడే నీళ్లు చల్లినట్టున్నది. లానుకు సరిపడా ఉంది. అందులో పాము లేదు, నేను కర్రతో కదిపి చూశాను. గడ్డి సిద్ధంగా పెట్టుకుని, తేకుండా, పాము కథ చెప్పిన మనిషిని ఏమంటారు? ఏమంటారో నేను మీ గల్లీలో నిలబడి అందరూ వినేట్టు అన్నాను. దొంగ అన్నాను. వెనక్కి తీసుకునే ఉద్దేశం లేదు.

పని చెడగొట్టినందుకు, పొడిగింపు రాకపోతే రెండేళ్ల జీతం మొత్తం మీ నుంచి నష్టపరిహారంగా రాబట్టుకుంటాను.

వీరరాఘవరావు.

తా.క. మీ అత్తగారు ఇచ్చిన మజ్జిగ బాగుంది. చనిపోయిన రోజున కూడా అంత శ్రద్ధగా మజ్జిగ చిలికిన మనిషిని నేను చూడలేదు.


పురానాపూల్,
29 మే.

రావు సాబ్‌కు,

నేను పుట్టి యాభై రెండేండ్లు. నిజాం జమానల మా బాపు నవాబుల దేవిడీలల్ల తోటలు పెట్టిండు, ఎనక నేను తిరిగిన. ఎంతమంది కొట్లాడిన్రు, ఎంతమంది బయానా ఎగ్గొట్టిన్రు. దొంగ అని మాత్రం ఒక్కడు అనలే. మీరు మా గల్లీల నిలబడి అన్నరు. బాలనర్సింహ పాన్ డబ్బా కాడ ఇరవై మంది ఉన్నరంట. నిన్న డబ్బా కాడికి పోతే అందరు మాట్లాడుడు బంద్ చేసిన్రు. నేను పాన్ తీసుకోకనే తిరిగొచ్చిన.

గడ్డి ఉన్న మాట నిజం. దినాం నీళ్లు కొడుతున్న, నా నల్లా నీళ్లు. సచ్చిపోవద్దని. ఎందుకు తెస్త లేనంటే, నేను ఒకరికి మాటిచ్చిన. గా మనిషి చెప్పేదాంక నేను గడ్డపార ముట్ట, గడ్డి తేను, నోరు ఇప్ప. మీరు దొంగ అన్నంక గూడ ఇప్పలే. గంతకంటే నాకేం చెప్పొస్తలేదు.

మీరిచ్చిన బయానా బాబురావు చేతికి ఇచ్చి పంపుత. గుంతలు తవ్విన కూలి నాకు వద్దు. నా పేరు నాకు వాపస్ ఇయ్యిర్రి, చాలు.

అమ్మగారికి దండాలు.

ఎల్లప్ప.

తా.క. బాబురావును. మీరు చూసిన ముసలమ్మ మా అమ్మనే. బాగనే ఉన్నది. అల్లునికి ఆపతొస్తే తను సచ్చినట్టు చెప్పుడు ఆమెకు అలవాటు, అట్ల చెప్తే ఆయుష్షు పెరుగుతదని ఆమె నమ్మకం. ఇయ్యాల బావ ఉత్తరం చెప్పుకుంట మధ్యల లేచి పోయిండు. మళ్ల వచ్చి కూసున్నడు. ఒక్క తిట్టు గూడ చెప్పలే. గదే నాకు ఫికరైతున్నది సారు.


ఉప్పుగూడ,
3 జూన్.

ఎల్లప్పకు,

మీ ఉత్తరం చదివాక నాకు అంతా అర్థమైంది. ఎంత తెలివితక్కువగా ఉన్నానో ఈ నెలన్నరా!

'ఒకరికి మాటిచ్చిన' అన్నారు. ఆ ఒకరు ఎవరో నేను చెబుతాను. మా ఆఫీసులో రెండో సెక్షను చూసే శ్రీహరిరావు. ఆయనకూ జులైలోనే విరమణ, ఆయనకూ పొడిగింపు కావాలి, ఇచ్చేది ఒక్కరికే. నా లాను ఆపితే తన దారి సుగమమని మీ దగ్గరకు వచ్చాడు. మీరు మాటిచ్చారు. మొన్న నన్ను మెట్ల దగ్గర ఆపి, "తోట ఎంతవరకు వచ్చింది రాఘవరావ్?" అని నవ్వినప్పుడే నేను గ్రహించవలసింది. ఆ నవ్వు పచ్చగడ్డి నవ్వు. మీరు ఆ గడ్డి పరుపును తడిపి తడిపి కాపాడుతున్నది ఆయన వాకిట్లో పరచడానికే.

నన్నెవరూ వెర్రివాణ్ణి చెయ్యలేరు. కోర్టులో వేయడానికి పిటిషను తయారైంది. పదకొండు పేజీలు, నాలుగు అనుబంధాలు, గుంతల కొలతలతో సహా. అసంపూర్తి పనికి, మానసిక క్షోభకు, హోదాకు జరిగిన హానికి విడివిడిగా పరిహారం కోరాను. మీతోపాటు శ్రీహరిరావు పేరు కూడా చేర్చాను.

దాఖలు చేయడానికి ఇంటి యజమాని సంతకం ఒక్కటే తక్కువ. ఆఫీసులో అనవసర ప్రశ్నలు రాకుండా ఆ రోజుల్లో ఇల్లు మా ఆవిడ శారదాంబ పేరు మీద కొన్నాను. అందుచేత సాంకేతికంగా ఫిర్యాదుదారు ఆవిడ. అదేం పెద్ద పని కాదు. సోమవారం సాయంత్రం కాఫీ వేళకు సంతకం అయిపోతుంది, మంగళవారం కోర్టు.

వీరరాఘవరావు.

తా.క. బాబురావుకు: యథాతథ స్థితి అంటే ఉన్నది ఉన్నట్టు ఉండడం. మీ బావ చేసేది అదే.


ఉప్పుగూడ,
6 జూన్ 1978.

మహారాజశ్రీ వీరరాఘవరావు గారికి,
సూపరింటెండెంటు, మూడో సెక్షను.

మీ భార్య శారదాంబ నమస్కరించి వ్రాయునది. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరం ఏమిటి, అదీ ఆఫీసు చిరునామాకు ఏమిటి అని కంగారు పడకండి. ముప్పై రెండేళ్లుగా నేను నోటితో చెప్పినవేవీ మీకు చేరలేదు. కాగితం మీద, కవరులో పెట్టి, మీ టేబులు మీదకు వస్తే మీరు రెండుసార్లు చదివి పక్కన తేదీ వేస్తారని నాకు తెలుసు.

మీ పిటిషను మీద నేను సంతకం చేయలేదు. నిన్న తలనొప్పి అన్నాను కదా, తలనొప్పి కాదు. చేయను.

ఎల్లప్ప మాటిచ్చింది శ్రీహరిరావు గారికి కాదు. నాకు. పాపం శ్రీహరిరావు గారు అద్దెకు ఉండేది మేడ మీద రెండు గదుల్లో. ఆ గడ్డిని ఆయన ఎక్కడ పరుచుకుంటారో మీరు ఆలోచించనే లేదు.

జరిగింది చెబుతాను. ఏప్రిల్ పన్నెండు మధ్యాహ్నం మీరు ఆఫీసులో ఉన్నారు. ఎల్లప్ప మీ ఏడు పేజీల ప్లాను పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చాడు. "అమ్మా, మా బాబురావు డ్యూటీల ఉన్నడు. జర సదివి చెప్పుర్రి, క్రోటన్లు ఎక్కడ పెట్టాల్నో" అన్నాడు. నేను గడప మీద కూర్చుని చదివి వినిపించాను. మీ అక్షరాలు ఎంత బాగుంటాయో! క్రోటన్లకు పేర్లున్నాయి, ఒక్కొక్కదానికి చిన్న బోర్డు కూడా రాశారు. ఆరో పేజీకి వచ్చాను. 'నీటి సరఫరా: ఉదయం బిందెలు ఇరవై, సాయంత్రం బిందెలు ఇరవై. బాధ్యులు: శ్రీమతి శారదాంబ.' ఏడు పేజీల్లో నా పేరు వచ్చింది అక్కడొక్కచోటే. పరాయి మనిషికి చదివి వినిపిస్తూ నా పేరు దగ్గర వేలు పెట్టి, ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఎల్లప్ప వేళ్ల మీద లెక్కపెట్టాడు. తరవాత "గీ సంగతి మీకు ఎరుకేనా అమ్మా?" అన్నాడు. ఎరుక లేదన్నాను. "రోజుకు నలభై బిందెలు. మీ నడుము మంచిగున్నదా?" అన్నాడు. ముప్పై రెండేళ్లలో నా నడుము గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆయన.

మీకు కుళాయి సంగతి తెలియదు. తప్పు మీది కాదు, అది తిరుగుతుండగా మీరు ఎన్నడూ చూడలేదు. అది రోజు విడిచి రోజు తెల్లవారక ముందే వస్తుంది. నేను పద్దెనిమిది బిందెలు పడతాను. వంటకు, స్నానాలకు, మీ తెల్ల పంచెలకు అవే సరిపెడతాను. మీ గడ్డికి రెండు రోజులకు ఎనభై కావాలి. ఎక్కడి నుంచి వస్తాయో ఆరో పేజీలో లేదు. నేను చెప్పేదాకా పని ఆపమని, కారణం మీకు చెప్పవద్దని ఎల్లప్పను బతిమాలాను. మీతో ఎదురు చెప్పాలంటే నాకు భయం, ఉన్నమాట. గుంతలు ఎండ తింటాయన్న మాట అతని వృత్తిలో నిజమేనట. వాళ్ల అత్తగారి చావు ఆవిడ సొంతం. పాము మాత్రం నాది, ఆ కథ అల్లి అతనికి కబురు పంపింది నేనే.

మీరు పురానాపూల్ వెళ్లి అతన్ని దొంగ అన్నానని రాత్రి భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పారు.  ఆకలి లేదని చెప్పి నా కంచం తీసుకుని లేచిపోయాను. నా మూలంగా ఒక మంచి మనిషి పరువు పోయింది. ఇక ఏమైనా సరే మీకు నిజం చెప్పాలనుకుంటూనే రోజులు గడిపాను. మీరు కాఫీ తాగేటప్పుడు చెబుదామనుకుంటాను, మీరు కాఫీలో చక్కెర తక్కువంటారు, నేను చక్కెర కోసం లోపలికి వెళ్తాను.

నిన్న సాయంత్రం పిటిషను నా ముందు పెట్టారు. చివరి పేజీ తీసి, అలవాటుగా పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి, "చదవక్కర్లేదు, ఇక్కడ సంతకం పెట్టు" అన్నారు. పెళ్లయిన నాటి నుంచి నేను మీ పెన్సిలు గుర్తు మీదే సంతకాలు చేస్తున్నాను. బ్యాంకు కాగితం అన్నా, ఇన్సూరెన్సు అన్నా చేశాను. ఒక్కటీ చదవలేదు. ఇది ఎల్లప్ప మీద కాగితం కాబట్టి, మీరు బనీను మార్చుకోవడానికి లోపలికి వెళ్లినప్పుడు మొదటి పేజీ తిప్పాను.

మొదటి వాక్యం: 'ఉప్పుగూడలోని సదరు గృహమునకు పూర్తి హక్కుదారు, యజమానురాలు అయిన శ్రీమతి శారదాంబ'.

నాలుగుసార్లు చదివాను. ఈ ఇంట్లోకి వచ్చి పదకొండేళ్లు. గోడకు మేకు కొట్టాలన్నా మిమ్మల్ని అడిగాను. వంటింట్లో ఒక అలమరా కావాలని అడిగి, మీరు ఇల్లు పాడవుతుందంటే ఊరుకున్నాను. మా చెల్లెలు వచ్చి పది రోజులు ఉంటానంటే, ఇల్లు ఆయనది, అడిగి చెబుతానన్నాను. ఇల్లు నాదట. ఆఫీసులో ప్రశ్నలు రాకుండా నా పేరున కొన్నారట, మీరు ఎల్లప్పకు రాసిన ఉత్తరంలో ఉందట. ఆఫీసుకు జవాబు చెప్పుకున్నారు గానీ నాకు ఒక్క మాట చెప్పలేదు. మొదట నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది, ఆ తరవాత కోపం వచ్చింది. నవ్వూ ఏడుపూ రాత్రికే పోయాయి. కోపం మాత్రం ఉంది. దాన్ని ఇంకొన్నాళ్లు ఉంచుకుంటాను, కొత్తగా ఉంది.

కాబట్టి ఇంటి యజమానురాలిగా తెలియజేయడమేమనగా: లాను లేదు. ఫౌంటెను లేదు. ఏడు గుంతలూ నాకు కావాలి. వానలు పడగానే ఎల్లప్ప వచ్చి కరివేపాకు, నిమ్మ, మల్లె, మునగ, నేను చెప్పినవి పెడతాడు. స్నానాల గది నీళ్లు వాటికి పారేట్టు కాలువ తీస్తాడు. గడ్డి చుట్టలను అతను ఎవరికైనా అమ్ముకోవచ్చు, నెలన్నర తన సొంత నీళ్లు పోసి బతికించుకున్నాడు. వంటింట్లో అలమరా కూడా కొట్టిస్తున్నాను.

ఆదివారం డైరెక్టరు గారి దంపతులకు టీ వరండాలో. పెసరట్లు, ఉప్మా నేను చేస్తాను, మనస్ఫూర్తిగానే చేస్తాను. లాను ఏదని వారు అడిగితే, మా ఆవిడ వద్దందని నిజం చెప్పండి. మీ ముప్పై ఒక్క ఏళ్ల పని చూడకుండా గడ్డి చూసి ఇచ్చే పొడిగింపైతే అది రాకపోయినా మనకు నష్టం లేదు. వస్తే సంతోషం. రాకపోతే ఆగస్టు నుంచి మీరు ఇంట్లోనే ఉంటారు. కుళాయి దగ్గర రెండో మనిషి పోస్టు ఎప్పటినుంచో ఖాళీగా ఉంది.

ఇక నష్టపరిహారం. మీరు అడిగినది న్యాయమే, ఒక మనిషికి నష్టం జరిగింది. ఆ మనిషి ఎల్లప్ప. అతను డబ్బు అడగలేదు, తన పేరు తనకు ఇమ్మన్నాడు. అతనికి క్షమాపణ పత్రం మీ తరఫున నేనే రాశాను. ఎల్లుండి సాయంత్రం ఐదింటికి మీరు పురానాపూల్ వెళ్తున్నారు. బాలనర్సింహ పాన్ డబ్బా దగ్గర, మీరు మొన్న నిలబడిన చోటే నిలబడితే చాలు. బాబురావుకు కబురు పెట్టాను, పైకి చదివేది అతను. గొంతు బాగా పెద్దదట, బస్సులో చివరి సీటుకు కూడా వినిపిస్తుందట.

ఇట్లు,
మీ విధేయురాలు,
శారదాంబ,
ఇంటి యజమానురాలు.

తా.క. క్షమాపణ పత్రం దీనికి జతచేశాను. చివర పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టాను. అక్కడ సంతకం చేసి పంపండి. చదవక్కర్లేదు.